క్రోధి వెళ్ళిపోతోంది: ఈసారి ఆదాయ వ్యయాలు మనమే రాసుకుందామా?

జాకెట్ల_రాజ్యం | 2025 మార్చి 24, రాత్రి 10:40

ఈ ఆదివారం ఉగాది. క్రోధి నామ సంవత్సరం పోయి విశ్వావసు వస్తోంది. గుళ్ళో పంచాంగ శ్రవణం, టీవీలో పంచాంగ శ్రవణం, ఫోన్ నిండా ఫార్వర్డులు. విశ్వావసులో ఎవరికి ఎంత ఆదాయమో ఎంత వ్యయమో అందరూ చెప్తారు. పోయిన ఉగాదికి చెప్పినవి ఏమయ్యాయో మాత్రం ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. నేను చూశాను. నాది కర్కాటకం. క్రోధికి ఆదాయం 14, వ్యయం 2. మా ఇంటాయన ముచ్చటపడి ఆ కాగితం నా మెషిన్ పక్కన గోడకి అంటించారు కూడా.

మాది విజయవాడ సింగ్‌నగర్. పోయిన ఏడు బుడమేరు వాగు పొంగి మునిగిన పేట, ఇంక చెప్పక్కర్లేదు కదా. సెప్టెంబరు 1న తెల్లారేసరికి వాకిట్లో నీళ్ళు, పది గంటలకి మంచం కోళ్ళు మునిగాయి, సాయంత్రానికి మూడు కుట్టు మెషిన్లూ కనపడలేదు. మేడ మీద అద్దెకున్న వాళ్ళ ఒక్క గదిలో రెండు కుటుంబాలం ఎనిమిది రోజులున్నాం. వినాయక చవితి అక్కడే అయింది. పసుపు ముద్దే వినాయకుడు, బిస్కెట్ పాకెట్టే నైవేద్యం. కిందికి దిగాక చూస్తే ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది, లోపల బుడమేరు నీళ్ళు. ఫైరింజన్ వాళ్ళు పైపు పెట్టి బురద కడుగుతుంటే ఆ గోడ మీది కాగితం కూడా కొట్టుకుపోయింది.

అసలు సంగతి మెషిన్లు కాదు. దసరాకి ఇవ్వాల్సిన 43 జాకెట్లు ఇంట్లో ఉన్నాయి. అన్నీ ఊళ్ళోవాళ్ళ బట్టలు. ఒకావిడ పట్టుచీరకి ఫాల్ వేయమని ఇచ్చింది, దానికి 14 వేలు కట్టమంది. నెలకి వెయ్యి చొప్పున కడుతున్నాను. ఇంకొకావిడవి మూడు జాకెట్లు పోయాయి, ఆవిడేమో తన అత్తగారి పాత మెషిన్‌ని ఆటోలో వేసి పంపింది, ఆటో డబ్బులు కూడా తనే ఇచ్చి.

అందుకే ఒక ఆలోచన. పంచాంగంలోలాగే నాలుగు గళ్ళు గీసి పోయిన ఏడు నిజంగా ఏమైందో రాద్దాం. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. డబ్బే కానక్కర్లేదు. కింద ఒక్క వరుస, విశ్వావసులో చేయబోయే పని ఒకటే.

నావి: ఆదాయం, కింది అంతస్తు వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు, ఆ పాత మెషిన్. వ్యయం, లెక్క వేయడం మానేశాను. రాజపూజ్యం, ఆ ఆటో. అవమానం గడిలో పట్టుచీర అని రాసి కొట్టేశాను. ఆవిడ అడిగిందీ న్యాయమే. అది ఏ గడిలో పెట్టాలో తేలలేదు. 43 జాకెట్లలో 31కి బట్టో డబ్బో ఇచ్చేశాను. చేయబోయేది మిగిలిన 12.


నిద్రలేని_కోడి | మార్చి 24, రాత్రి 11:15

అక్కా, మీ కష్టానికి దండం. కానీ ఈ తీర్మానాల మీద నాకు నమ్మకం పోయి చాలా ఏళ్ళయింది. జనవరి 1న పదకొండు రాశాను. వాకింగ్‌కని 3,200 పెట్టి కొన్న బూట్లలో బల్లి గుడ్లు పెట్టింది. వాటిని కదపడం పాపమని మా అమ్మ అంది. ఆ విధంగా నా ఆరోగ్యాన్ని ఒక బల్లి కాపాడుతోంది.


ఏరువాక_పల్నాడు | మార్చి 25, ఉదయం 5:50

నాకు ఏడాది ఉగాదితో మొదలవదమ్మా, మొదటి వానతో మొదలవుద్ది. ఆఖరి కోత అయ్యాకే లెక్క. ఇప్పుడు అయింది కాబట్టి రాస్తన్నా.

మిరప మూడెకరాలు, అందులో ఒకటి కౌలు. దిగుబడి 54 క్వింటాళ్ళు. రెండేళ్ళ కిందట క్వింటా 20 వేలు దాటి పలికిన కాయ. ఆ ధర చూసే కౌలుకి తీసుకున్నా. ఈ ఏడు 20 క్వింటాళ్ళు 10,500కి తెగనమ్మా, కోత కూలోళ్ళకి ఇవ్వాలి కాబట్టి. ఫిబ్రవరిలో 11,781 అని కేంద్రం ధర ప్రకటించింది, ఆ కబురొచ్చేసరికి నా సరుకు మిరప మార్కెట్ యార్డు దాటింది. మిగతాది ఏసీలో పెట్టా. (ఊళ్ళో లేనోళ్ళ కోసం: ఏసీ అంటే కోల్డ్ స్టోరేజి. మా ఇంట్లో మనుషులకి ఫ్యానే, మిరపకాయలకి ఏసీ.)

నాది మేషం. క్రోధికి 8–14. వచ్చే ఏడు 2–14 అంట. మా ఆవిడ అది విన్న కాణ్ణుంచి ఆ మూడో ఎకరం వదిలెయ్యమంటంది.

అవమానం: ఏసీ రసీదు మీద అప్పు అడగడానికి వెళ్తే కుర్రాడు కూర్చోమనలేదు. రాజపూజ్యం: ఏం లేదు. ఆలోచించి రాస్తా.


లెక్కల_మాస్టారు | మార్చి 25, ఉదయం 7:20

2–14 చూసి మీ ఆవిడ భయపడనక్కర్లేదు. ఆ అంకెలు ఎలా వస్తాయో చెప్తాను, నాలుగో తరగతి లెక్క.

మీ రాశికి అధిపతి ఎవరో చూడండి. అష్టోత్తరీ దశలో ఆ గ్రహానికి ఇన్నేళ్ళని ఉంటాయి: రవికి 6, చంద్రుడికి 15, కుజుడికి 8, బుధుడికి 17, శనికి 10, గురువుకి 19, శుక్రుడికి 21. దానికి ఆ ఏటి రాజు దశా సంవత్సరాలు కలపండి. 3తో గుణించి 5 కలిపి 15తో భాగించండి. శేషం ఆదాయం. భాగఫలాన్ని మళ్ళీ 3తో గుణించి 5 కలిపి 15తో భాగిస్తే శేషం వ్యయం. అంతే.

రాజు ఎవరంటే ఉగాది ఏ వారం వస్తే ఆ వారాధిపతి. పోయిన ఏడు ఏప్రిల్ 9 మంగళవారం, కుజుడు. మన రాజ్యమ్మగారి కర్కాటకానికి చంద్రుడి 15, కుజుడి 8, మొత్తం 23. మూడింతలు 69, ఐదు కలిపితే 74. పదిహేనుతో భాగిస్తే నాలుగు సార్లు పోయి 14 మిగిలింది. నాలుగు మూళ్ళు పన్నెండు, ఐదు పదిహేడు, శేషం 2. అదే ఆ 14–2. అందులో బుడమేరు ఎక్కడా లేదు.

ఈ లెక్కలో 2, 5, 8, 11, 14 తప్ప ఇంకో అంకె రాదు, కావాలంటే వేసి చూడండి. మేషానికీ వృశ్చికానికీ కుజుడే కాబట్టి ఎప్పుడూ ఒకే అంకెలు. నమ్మొద్దని అనడం లేదు. నేనూ ఆదివారం గుళ్ళో కూర్చుని వింటాను. 1965లో పోయిన విశ్వావసులో పుట్టినవాణ్ణి, 60 ఏళ్ళ చక్రం తిరిగి నా పేరే పిలుస్తున్నట్టుంది.


డాలస్_బాబాయ్ | మార్చి 25, ఉదయం 9:05

మాస్టారూ, చిన్న చిక్కు. అమావాస్య మీకు శనివారం సాయంత్రం నాలుగున్నర దాకా ఉంటుంది. మాకు అప్పటికి శనివారం తెల్లవారుజామున ఆరు. అంటే మా సూర్యోదయానికే పాడ్యమి వచ్చేస్తోంది, మాకు శనివారమే ఉగాది. మరి మా రాజు ఎవరు?


లెక్కల_మాస్టారు | మార్చి 25, ఉదయం 9:30

మీకు శని పాలన. కర్కాటకం వాళ్ళకి మీ ఊళ్ళో 5–5, ఇక్కడ 8–2. విమానం ఎక్కి ఇటు వస్తే ఆదాయంలో మూడు లాభం.

(సరదాకి అన్నాను. పంచాంగం అంకెలు ఇక్కడి వారానికి కట్టినవే.)


ఖాతా_పుస్తకం | మార్చి 25, మధ్యాహ్నం 1:10

మాకు ఈ ఏడు పండగ లేదు. నాన్న కార్తీకంలో పోయారు, సంవత్సరీకం అయ్యేదాకా పచ్చడి కూడా చెయ్యం. కానీ లెక్క రాయొచ్చు కదా.

నాన్నకి చిన్న కిరాణా కొట్టు ఉండేది. కొట్టు మూసి ఆరేళ్ళయింది. ఆయన చొక్కా జేబులో పట్టే పుస్తకం ఒకటి మొన్న ట్రంకుపెట్టెలో దొరికింది. చివరి పేజీల్లో 'రావలసినవి' అని ఉంది. పేర్లు లేవు. 'కుమ్మరి వీధి మాస్టారి అల్లుడు 400.' 'నల్ల గేదె ఆయన 1,150, కూతురి పెళ్ళి అయ్యాక.' 'మెట్ల ఇల్లు పెద్దామె 60.' మొత్తం కూడితే 23 వేల చిల్లర. ఒకటి రెండు చోట్ల ఆయనే అడ్డగీత కొట్టి పక్కన 'సరే' అని రాసుకున్నారు. తీర్చారని కాదు, అది వేరే చోట 'ముట్టింది' అని రాశారు. 'సరే' అంటే ఏమిటో నాలుగు రోజులు అర్థం కాలేదు.

నాకు ఆదాయం ఆ పుస్తకమే. అవమానం ఏమిటంటే, కొట్టు ఉన్న రోజుల్లో ఆయనకి వ్యాపారం చేతకాదని నలుగురిలో అన్నాను. చేయబోయేది ఇంకా తెలియదు.


జాకెట్ల_రాజ్యం | మార్చి 25, మధ్యాహ్నం 2:45

మెట్ల ఇల్లు పెద్దామె దగ్గరికి మాత్రం వెళ్ళకండి బాబూ, 60 రూపాయలకి.


ఖాతా_పుస్తకం | మార్చి 25, మధ్యాహ్నం 3:00

ఆవిడ పోయి నాన్నకంటే ముందే చాలా కాలమైందండి. ఆ లైను మీద మాత్రం గీత లేదు, 'సరే' కూడా లేదు.


అవనిగడ్డ_అభ్యర్థి | మార్చి 25, సాయంత్రం 6:30

డీఎస్సీ కోచింగ్‌కి వచ్చి అవనిగడ్డలో ఉంటున్నాను, ప్రభుత్వ టీచరు పోస్టుల పరీక్ష అది. 2024 జూన్ 13న 16,347 పోస్టులకి కొత్త ముఖ్యమంత్రి మొదటి సంతకం అయింది. ఆ రాత్రి గది గోడ మీద స్కెచ్‌తో ఆ అంకె రాశాను. అక్టోబరులో టెట్ (టీచరు అర్హత పరీక్ష) రాశాను, మార్కులు పెరిగాయి. నోటిఫికేషన్ ఏప్రిల్‌లో అంటున్నారు. ఓనరు పండక్కి గోడకి సున్నం కొట్టిస్తానంటే వద్దని బతిమాలుకున్నాను.

వ్యయం: పది నెలల గది అద్దె, మెస్సు. ఆదాయం: టెట్‌లో పెరిగిన మార్కులు. అవమానం: మా బాబాయి కూతురి పెళ్ళిలో అక్షింతలు చేతిలో పట్టుకుని నించుంటే ఒకాయన అడిగాడు, 'ఇంకా చదువుతూనే ఉన్నావా' అని. 'ఇంకా' అనే మాట అంత సేపు సాగదీయొచ్చని నాకు తెలీదు.

చేయబోయేది: డీఎస్సీ కొట్టడం.


మున్నేరు_టీచర్ | మార్చి 25, రాత్రి 8:50

తమ్ముడూ, నాది ఖమ్మం. మా తెలంగాణ డీఎస్సీల పోయిన అక్టోబరు 9న ఆర్డరు తీసుకున్న, ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు. ఎల్బీ స్టేడియంల కూసున్నప్పుడు కూడా నమ్మకం లేదు, పేరు తప్పు పడిందేమోనని టెన్షన్. నాలుగేండ్లు నిన్ను అడిగినట్టే నన్నూ అడిగిన్రు. ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. 'డీఎస్సీ కొట్టడం' రాయకు. అది నీ చేతుల లేదు. పోస్టులు ఎన్నో, ఎప్పుడో, ఏ జిల్లాకు ఎన్నో, ఏదీ నీ చేతుల లేదు. నేను మూడో ఏడు నుంచి వేరే రాసుకున్న: తెల్లారి మూడు గంటలు సోషల్, పైటాల ట్యూషన్ చెప్పి నా మెస్ పైసలు నేనే కట్టుడు. కొలువు రాకపోయినా ఆ రెండైతే అయితయి.

నా లెక్క: బడిల మొత్తం తొమ్మిది మంది పిల్లలు. ఐదో తరగతిల ముగ్గురు. అండ్ల ఒక పిల్ల పత్తి ఏరే రోజులల్ల నెలన్నర రాలేదు. వచ్చినంక పుస్తకం తెరిస్తే అక్షరాలు మళ్ళ కొత్తగ చూస్తున్నది. నేను ఒర్రిన. ఆ పిల్ల ఏడ్వలేదు, చేతులు ముడుచుకున్నది. వేళ్ళకు పత్తికాయ గీతలు. నా అవమానం గడిల అదే రాసిన, నేను పడ్డది కాదు, చేసింది.

విశ్వావసుల చేసేది: వచ్చే పత్తికి ఆ ఇంటికి మొదలే పోయి మాట్లాడుడు. పిల్ల ఆరో తరగతికి వేరే బడికి పోతది, అయినా పోత.


నిద్రలేని_కోడి | మార్చి 25, రాత్రి 9:40

సరే, ఒప్పుకుంటున్నాను. పదకొండులో ఒకటి నిలబడింది. గురువారం గురువారం అక్కకి ఫోన్ చేయడం. అది నా గొప్ప కాదు, మా అమ్మాయి క్యాలెండర్‌లో గురువారాలన్నిటికీ ఎర్ర గీత పెట్టి, సాయంత్రం ఫోన్ తెచ్చి చేతిలో పెడుతుంది. బూట్లకి అలాంటి అమ్మాయి లేదు.


చీకటి_వెలుగు | మార్చి 25, రాత్రి 11:55

ఎప్పుడూ చదవడమే, రాయలేదు. తాగుడు మానేసి ఇవాళ్టికి 112 రోజులు. నాలుగు గళ్ళు నింపడానికి కూర్చున్నాను, అవమానం గడి ఒక్కటే పేజీ దాటింది. మిగతావి తర్వాత.


జాకెట్ల_రాజ్యం | మార్చి 26, ఉదయం 6:10

తమ్ముడూ, గడులు నింపకపోయినా ఫర్వాలేదు. రాత్రికి 113 అని మాత్రం రాయి.


డాలస్_బాబాయ్ | మార్చి 26, ఉదయం 8:20

మీరంతా ఇలా రాస్తుంటే నేను జోకులేసి తప్పుకోవడం బాగాలేదు. ఆగస్టులో ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్ళకి 60 రోజులే గడువు, ఆ లోపల ఇంకో కంపెనీ దొరకాలి, లేదంటే సర్దుకోవాలి. 52వ రోజున దొరికింది, జీతం తక్కువ. పెట్టెలు సగం సర్దేశాం. పిల్లాడి సైకిల్ అమ్మేశాం కూడా, దానికి వాడు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడం లేదు.

ఇంటికి చెప్పలేదు. ఆదివారం ఆదివారం వీడియో కాల్‌లో ఆఫీసు చొక్కా వేసుకుని కూర్చునేవాణ్ణి, కింద లుంగీ. 'పని బాగుందా' అంటే 'బాగుంది నాన్నా'. ఎనిమిది ఆదివారాలు. ఉద్యోగం దొరికాక కూడా చెప్పలేదు, అబద్ధం చెప్పినట్టు తెలుస్తుందని. నాకు అవమానం ఉద్యోగం పోవడం కాదు, ఆ చొక్కా.

చేయబోయేది: ఉగాది రోజు ఫోన్లో చెప్పడం.


ఏరువాక_పల్నాడు | మార్చి 27, ఉదయం 5:40

ఖమ్మం టీచరమ్మ చెప్పింది రెండుసార్లు చదివా. నోటిఫికేషన్ ఆ కుర్రోడి చేతిలో లేదు, రేటు నా చేతిలో లేదు. నేను రాసుకుంది 'ఏసీ సరుకు 15 వేలకి అమ్మాలి' అని. కొట్టేశా. దాని బదులు: నెలకి పది బస్తాలు, రేటు ఎంతున్నా. మొత్తం ఒక్క రోజు మీద పెట్టుకుని కూర్చుంటే నిద్ర ఉండదు. రెండోది, కౌలు ఎకరం వదిలేస్తన్నా. సొంత రెండెకరాల్లో ఒకదాంట్లోనే మిరప, రెండోదాంట్లో కంది, జొన్న. మా ఆవిడ గెలిచింది. రాజపూజ్యం గడిలో ఆవిడ పేరు రాశా, ఆవిడకి చూపించలా.


నిద్రలేని_కోడి | మార్చి 27, ఉదయం 7:05

చూపించండి సార్. ఉగాది పచ్చడిలో ఒక స్పూను బెల్లం ఎక్కువ పడుతుంది.


మున్నేరు_టీచర్ | మార్చి 27, రాత్రి 8:15

స్పూనా? మా దిక్కు పచ్చడి గ్లాసుల పోసుకొని తాగుతం. కొత్త కుండల కలుపుడు. మీ దిక్కు అరచేతిల చుక్క పెడ్తరని విన్న, గంత కష్టపడి చేసి గంతేనా?


లెక్కల_మాస్టారు | మార్చి 28, ఉదయం 6:45

ఈ తగువు ఏటా వస్తుంది, ఏటా తేలదు. పలచగానో చిక్కగానో, వేపపువ్వు మాత్రం నెయ్యిలో వేయించి వేసేవాళ్ళతో నాకు మాటల్లేవు. అవనిగడ్డ తమ్ముడూ, నీ లెక్కల సిలబస్‌లో ఏదైనా అడ్డం తిరిగితే ఇక్కడే అడుగు. రోజూ రాత్రి తొమ్మిదికి చూస్తాను. ఇదే నా విశ్వావసు వరుస అనుకో. ఇంతవరకు ఏమీ తోచక ఖాళీగా ఉంచాను.


అవనిగడ్డ_అభ్యర్థి | మార్చి 28, రాత్రి 9:02

వచ్చాను మాస్టారూ. మొదటిది శేషాల మీదే. పంచాంగం లెక్క వేసి చూశాక అది తేలిగ్గా వచ్చేసింది, రెండోది అడుగుతాను.


ఖాతా_పుస్తకం | మార్చి 29, సాయంత్రం 5:30

నల్ల గేదె ఆయన ఇల్లు కనుక్కుని వెళ్ళాను. అడగడానికి కాదు, నిజంగా. పుస్తకం చూపిద్దామని. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని ఆ లైను చదివి, 'కూతురి పెళ్ళి కాలేదయ్యా, అది నర్సు అయింది, పెళ్ళి వద్దంది' అన్నాడు. అంటే గడువు ఇంకా రాలేదన్న మాట, మా నాన్న రాసిన ప్రకారం. ఇద్దరం నవ్వాం. మజ్జిగ ఇచ్చారు. వచ్చేటప్పుడు ఆయన ఒకటి చెప్పాడు. కొట్టులో నాన్న ఎవరికైనా బాకీ వదిలేయాలనుకుంటే గట్టిగా 'సరే' అనేవారట, ఆ మాట విన్నవాళ్ళు మళ్ళీ బాకీ ఊసెత్తేవాళ్ళు కాదట.

పెద్దామె 60 పక్కన ఇవాళ నేను 'సరే' అని రాశాను. చేతిరాత కలవలేదు.


డాలస్_బాబాయ్ | మార్చి 30, ఉదయం 7:10

చెప్పేశాను. మీకు తెల్లారగానే ఫోన్ చేశాను. నాన్న 'ఊ' అన్నారు. అమ్మ వెనక నుంచి, 'మాకు సెప్టెంబరులోనే అనుమానం వచ్చింది, ఆదివారం పూట ఇంట్లో ఇస్త్రీ చొక్కా ఎవడు వేసుకుంటాడు' అంది. నేను అడుగుతానేమోనని పొలం మీద అప్పు సంగతి కూడా కనుక్కుని ఉంచారట, నేనే అడగలేదు. ఇంకేం రాయాలో తెలియడం లేదు. ఇక్కడ వేపపువ్వు దొరకలేదు, మెంతులు వేసి కానిచ్చాం.


చీకటి_వెలుగు | మార్చి 30, ఉదయం 9:00

117.


జాకెట్ల_రాజ్యం | మార్చి 30, సాయంత్రం 7:45

అందరికీ విశ్వావసు శుభాకాంక్షలు. ఇవాళ ఇద్దరు వచ్చి చెరొక జాకెట్ తీసుకెళ్ళారు, 12లో 10 మిగిలాయి. పట్టుచీర ఆవిడ కూడా బొబ్బట్లు తెచ్చింది. వాయిదా సంగతి తను ఎత్తలేదు, నేనే ఈ నెల వెయ్యి చేతిలో పెట్టాను, లెక్కపెట్టుకుని తీసుకుంది. మెషిన్ల కింద అడుగున్నర అరుగు కట్టించాం. ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇక అటక మీదే.

ఏరువాక తమ్ముడూ, వచ్చే నెలలో ఆవకాయ పెట్టాలి. పోయిన ఏడు జాడీ సంగతి తెలుసు కదా. కారం పట్టించడానికి నీ కాయలు నాలుగు కిలోలు కావాలి. బజారు రేటు ఇస్తాను, దయతో కాదు.


ఏరువాక_పల్నాడు | మార్చి 30, రాత్రి 9:20

ఆవకాయకి తేజ రకం వద్దక్కా, మంట ఎక్కువ. నా దగ్గర 334 రకం కూడా ఉంది, అది పంపుతా, రంగొస్తది. రేపు రంజాన్, యార్డు ఉండదు. మంగళవారం రేటు చూసి అదే రాసుకుంటా. బస్సులో వేస్తా, ఫోన్ నంబరు ఇక్కడ పెట్టమాక, విడిగా పంపు.